కుడి కొసన మూడు తీగలు

పోయిన వారం ఈ కథ ఆపేసరికి మా కారు ఎక్కడ ఆగి ఉందో ఇంకా అక్కడే ఉన్నాం. ములకలపల్లి దాటి బూర్గంపాడు వైపు పోయే అడవి దారి. రెండు పక్కలా పూతకొచ్చిన టేకు చెట్లు, నడుమ వాన నీళ్ళు నిలిచిన గుంటలు. కారులో నలుగురం. నడిపేది మా ఆయన మురళీకృష్ణ. పక్కన నేను, దీపికని, ఈ శ్రావణంలోనే ఎర్రుపాలెం నుంచి చండ్రుగొండకు కాపురానికి వచ్చిన కొత్త కోడలిని. వెనక ఒక తలుపు వైపు మా అత్తయ్యగారు పద్మావతమ్మ, రెండో తలుపు వైపు ఇప్పలగుంపు గిరిజన గూడెంలో ఆడవాళ్ళ సంఘం నడిపే గంగక్క. వాళ్ళిద్దరి మధ్యా, కాళ్ళ దగ్గరా, డిక్కీ నిండా ఉబ్బిన ప్లాస్టిక్ సంచులు. వైరాలో తెల్లవారుతూనే నింపించుకొచ్చాం. ఒక్కో సంచిలో అడుగున నీళ్ళు, పైన ఆక్సిజన్, ఆ నీళ్ళలో వేలి గోరంత బొచ్చె, రవ్వ చేపపిల్లలు.

అవి బతికుండగా ఇప్పలగుంపు చెరువుకు చేరాలి. మా ప్రయాణమంతా దానికోసమే. ఆ చెరువులో చేపలు పెంచుకుంటామని గంగక్క సంఘం ఆడవాళ్ళు పోయిన ఏడు మొదటిసారి పూనుకున్నారు. అప్పుడు తెచ్చిన చేపపిల్లలు ఆటోలో ఎండకు ఉడికి, దారిలోనే తెల్లగా తేలిపోయాయి. ఇంకొక్కసారి చూద్దాం, ఈసారీ ఇట్లాగే అయితే చెరువు పాత కాంట్రాక్టరుకే ఇచ్చేద్దామని ఊళ్ళో మగవాళ్ళు తీర్మానం చేశారు. నేను డిగ్రీలో జువాలజీ చదివాను. సంచులు నేను దగ్గరుండి నింపిస్తాను, నీ చెరువు గట్టు మీదికి తెచ్చి దింపుతాను అని గంగక్కకు మాటిచ్చాను. మా ఆయన నవ్వి కారు తాళం తీసుకున్నారు. చేపలు దింపాక భద్రాచలం వెళ్ళి దర్శనం చేసుకోవచ్చని అత్తయ్యగారు పులిహోర డబ్బాతో సహా ఎక్కి కూర్చున్నారు.

అంతా బాగానే సాగింది, ఆ పెద్ద గుంట వచ్చేదాకా. చక్రం పడి లేచింది. ఇంజను దగ్గినట్టు చేసి ఆగింది. స్టీరింగు వెనక పసుపు దీపం ఒకటి వెలిగింది. తాళం తిప్పితే ఇంజను తిరుగుతుంది, ఒక్క క్షణం అందుకుంటుంది, మళ్ళీ పడుకుంటుంది.

మా ఆయనకు చండ్రుగొండలో ఆయిల్ ఇంజన్ల షాపు ఉంది. చప్పుడు విని జబ్బు చెప్పగలనని ఆయన నమ్మకం. ఉత్త నమ్మకం కాదు, పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే వీధిలో పోతున్న ట్రాక్టరు చప్పుడు విని దానికి నాజిల్ పోయిందని చెప్పారు. మా నాన్న ఆ ఒక్క మాటకే నన్ను ఇచ్చేశాడని మా అన్నయ్య ఇప్పటికీ ఏడిపిస్తాడు. కానీ ఈ కారు ఆయన చేతికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఖమ్మంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్ డీజిల్ బండి. దీని మాటలు ఆయనకింకా పూర్తిగా రావు.

బానెట్ ఎత్తి ముందు డీజిల్ చూశారు. ఉంది. ఫిల్టరు దగ్గర చేతిపంపు నొక్కి గాలి తీశారు. గాలి లేదు. నొక్కిన చోటే మళ్ళీ నొక్కుతూ, మోచేత్తో చెమట తుడుచుకుంటూ ముక్కు మీద నల్ల మరక చేసుకున్నారు. ఆ మరక గురించి చెప్పాలా వద్దా అని నేను చాలాసేపు ఆలోచించి, బాగుందని వదిలేశాను.

గంగక్క మాత్రం ఒక్క నిమిషం కూడా ఊరికే నిలబడలేదు. కారు ఎండలో ఉందని సంచులన్నీ దింపించి టేకు చెట్ల నీడకు చేర్చింది. పెద్ద పెద్ద టేకాకులు తెంపి వాటి మీద కప్పి, గుంటలో నీళ్ళు దోసిలితో తెచ్చి చల్లింది. నేను ఒక ఆకు ఎత్తి చూశాను. పిల్లలు ఇంకా చురుగ్గానే ఉన్నాయి. వెండి సూదుల్లా ఇటు తిరిగి అటు తిరిగి మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూస్తే అంత కంగారులోనూ నాకు నవ్వొచ్చింది. కానీ ఒక సంచిలో కొన్ని పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అందులో ఆక్సిజన్ తగ్గిపోతోందని గంగక్కకు నేను చెప్పనక్కర్లేకపోయింది.

"ఎండ నెత్తి మీదికి రాకముందే పోవాలె బిడ్డా," అంది నెమ్మదిగా. "మళ్ళ గిట్ల సచ్చిన పిల్లల్ని పట్టుకపోతే మావోళ్ళు నన్ను ఏమనరు. చెరువు దిక్కు చూసి ఊకుంటరు. గదే నాకు భయం."

సెల్లుకు సిగ్నల్ లేదు. రోడ్డు పక్కన ఒక బండరాళ్ళ గుట్ట ఉంటే మేమిద్దరం దాని మీదికెక్కాం. ఎక్కేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, పైకెక్కాక వదలడం మర్చిపోయారు. అత్తయ్యగారు కిందినుంచి చూస్తున్నారని గుర్తొచ్చి ఇద్దరం ఒకేసారి వదిలేశాం. సిగ్నల్ ఒక్క గీత వచ్చింది. కొత్తగూడెంలో ఇలాంటి బండ్లు బాగుచేసే రామ్‌సింగ్ ఆయనకు స్నేహితుడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, నేను దాన్ని నా తలకన్నా పైకి ఎత్తి పట్టుకుంటే ఆయన పక్కనుంచి అరుస్తూ మాట్లాడారు.

రామ్‌సింగ్ చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. పంపు డీజిల్‌ను గట్టి ఒత్తిడితో ఒక లావుపాటి ఇనుప గొట్టంలోకి తోస్తుంది. దాన్ని రైలు అంటారు. అందులోంచి నాలుగు సన్న గొట్టాలు నాలుగు సిలిండర్లకు పోతాయి. ఆ రైలు కుడి కొసన బొటనవేలంత సెన్సర్ ఒకటి ఉంటుంది, దానికి మూడు తీగల ప్లగ్గు. లోపల డీజిల్ ఎంత ఒత్తిడితో ఉందో అదే కంప్యూటర్‌కు చెబుతుంది. అది చెప్పడం మానేస్తే కంప్యూటర్ భయపడి ఇంజను ఆపేస్తుంది. గుంటలో పడగానే ఆగిందంటే ఆ ప్లగ్గే వదులై ఉంటుంది, దాన్ని వెతికి టక్కుమనేలా నొక్కండి అన్నాడు. ఇంకేదో చెప్పబోతుండగా సిగ్నల్ పోయింది.

కిందికి దిగి ఆయన బానెట్ ముందు నిలబడ్డారు. కుడి వైపు వంగి వెతికారు. అక్కడ రెండు తీగల ప్లగ్గొకటి ఉంది, అది బిగుతుగానే ఉంది. మూడు తీగలది లేదు. రామ్‌సింగ్ వేరే బండి అనుకుని చెప్పాడేమో అని ఆయన మొహం చిన్నబోయింది.

నాకు ఒక అనుమానం వచ్చింది. వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని రెండు చేతులూ బార చాపాను.

"ఏవండీ, బండి నడిపేవాళ్ళ కుడి చెయ్యి ఇటు ఉంది. మీరు ఎదురుగా నిలబడి మీ కుడి చూస్తున్నారు."

ఆయన నా చేతుల వైపు చూశారు, తన చేతుల వైపు చూసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు సిగ్గేస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. పెళ్ళిపీటల మీద కనిపెట్టాను. రెండో వైపు వెళ్ళి వంగారు.

ఈసారి చోటు సరైనదే. కానీ రైలు ఇంజనుకు వెనక పక్క, లోపలికి ఉంది. దాని కుడి కొస ఒక గొట్టాల గుంపు కింద దాక్కుంది. కంటికి కనబడదు. నా కుంకుమ భరిణె మూతలో చిన్న అద్దం ఉంటే దాన్ని లోపలికి పట్టి చూశాం. రైలు మెరిసింది, దాని కొస మాత్రం చీకట్లోనే ఉంది. ఇక చేత్తో తడిమి చూడాల్సిందే. ఇంజను కాస్త చల్లారేదాకా ఆగి ఆయన చెయ్యి పెట్టారు. ఆయిల్ ఇంజన్ల హ్యాండిళ్ళు తిప్పీ తిప్పీ ఆయన మణికట్టు నా రెండు చేతులంత ఉంటుంది. సగం దాకా పోయి ఇరుక్కుంది.

నేను పెట్టాను. నా వేళ్ళు పోయాయి, అరచెయ్యి పోయింది, అక్కడ నా పెళ్ళి గాజులు గొట్టాలకు తగులుకున్నాయి. రెండు చేతులకూ మోచేతి దగ్గర్నుంచి ముంజేతి దాకా ఆకుపచ్చ మట్టిగాజులు. వాటిని పైకి తోసుకోవడానికి కూడా చోటు లేదు, అంత నిండుగా వేశారు మావాళ్ళు. చెయ్యి వెనక్కి తీసుకుని మొదటి గాజు మీద చెయ్యి వేశాను.

"గాజులు తియ్యకు," అన్నారు అత్తయ్యగారు.

ఆవిడ అంతసేపూ చెట్టు కింద పులిహోర డబ్బా పక్కన కూర్చుని ఉన్నారు. ఎప్పుడు లేచి వచ్చారో నేను చూడలేదు. మొహం ఎలాగో ఉంది. మళ్ళీ వేసుకుంటానని, కాసేపటి పనేనని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. పదహారు రోజుల పండగ కాకుండా కొత్త పెళ్ళికూతురు చేతులు బోసిగా ఉండకూడదని, తన ఇంట అది జరగనివ్వనని అన్నారు.

"ఇది మీ ఇల్లు కాదు పెద్దమ్మా," అంది గంగక్క ఆకుల మీద నీళ్ళు చల్లుతూనే. "మా అడివి."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. అత్తయ్యగారు నవ్వలేదు. మా ఆయన మధ్యలో నలిగిపోయారు. అమ్మా, చేపలు చచ్చిపోతాయే అన్నారు బతిమాలుతున్నట్టు. చేపల కోసం కోడలి గాజులు తీయిస్తావా అని ఆవిడ కొడుకునే తిప్పి అడిగారు.

నేను ఆ ఇంటికొచ్చాక ఆవిడకు ఎదురు చెప్పింది లేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. పొద్దున్నే నాకు ముందు కాఫీ ఇచ్చి తర్వాత తను తాగే మనిషి ఆవిడ. అందుకే ఆ మాట ఎలా అనాలో తెలియలేదు. గాజు మీద చెయ్యి తీసేసి, మెల్లిగా అన్నాను.

"మీరు వద్దంటే తియ్యనండి అత్తయ్యగారూ. కానీ గంగక్కకి మాటిచ్చింది నేను. ఈ గాజులతో నేను ఆ మాట నిలబెట్టుకోలేను. నా బదులు మీరే నిలబెట్టండి."

ఆవిడ నా గాజుల వైపు చూశారు. తర్వాత బానెట్ కింద చీకటి వైపు చూశారు. తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, "అక్కడికి నా చెయ్యి పడుతుంది," అన్నారు.

"నీకెలా తెలుసు?" అన్నారు మా ఆయన.

"కంకణం కట్టాను."

ఆవిడ చెప్పుకుంటూ పోయారు, చెట్లతో చెబుతున్నట్టు. ఇంట్లో ట్రాక్టరుకు కట్టారట, బోరు మోటారుకు కట్టారట, చివరికి కుట్టుమిషనుకు కూడా కట్టారట. ఎప్పుడూ ఏ కీడూ రాలేదు. ఈ కారు వచ్చినప్పుడు మాత్రం కొడుకు గట్టిగా చెప్పాడు, ఇది కంప్యూటర్ బండి, లోపల దారాలూ తాళ్ళూ ఏమీ కట్టకూడదని. కట్టనన్నారు. కానీ నిన్న కారు కడగడానికి ఆయన బానెట్ ఎత్తిపెట్టి నీళ్ళకు వెళ్ళినప్పుడు ఆవిడ చెయ్యి ఆగలేదు. కొడుకు కంటికి కనబడని చోటు కోసం చెయ్యి లోపలికంటా పెట్టి తడిమారు. లావుపాటి కడ్డీ తగిలింది, దాని కొసన ఒక తీగ తగిలింది. దానికి పసుపు దారం చుట్టి, మంచి లావు పసుపు కొమ్ము చూసి కట్టారు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ కొమ్ము ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ ప్రతి గుంటకూ గడియారం లోలకంలా ఊగుతూ, ఆ మూడు తీగలనూ కొంచెం కొంచెంగా కిందికి లాగుతూ వచ్చింది. పెద్ద గుంటలో చివరి లాగు లాగింది.

"చెప్పానా లేదా నీకు," అన్నారు మా ఆయన. ఆ గొంతు నాకు కొత్త. "ఏమీ కట్టొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. నీ ఒక్కడి కోసమైతే కట్టేదాన్ని కాదు." ఆవిడ మొదటిసారి నా వైపు తిరిగారు. "ఆ పిల్ల మొదటిసారి అడవి దారిలో పోతోంది. పసుపు బట్టలు ఇంకా వెలవలేదు. ఊరికే ఎలా పంపను?"

ఆయన కోపం ఏమైందో తెలియదు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. నేను బానెట్ అంచు పట్టుకుని తల దించుకున్నాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని. గంగక్క లేచి వచ్చి అత్తయ్యగారి పక్కన నిలబడింది.

"ఈ బండికి ఇంకేమేం కట్టినవ్ పెద్దమ్మా," అంది. "ఉంటే ఇప్పుడే చెప్పు. మళ్ళ ఆగెటట్టు లేదు మాకు."

"ఇంకేం లేదే తల్లీ," అన్నారు అత్తయ్యగారు, పెదవి చివర నవ్వుతో.

ఆవిడ పమిట నడుముకు దోపుకున్నారు. చేతికున్న జత బంగారు గాజులు మోచేతి దాకా తోసుకున్నారు. సన్నటి ఆ చెయ్యి గొట్టాల మధ్యకు పూజగదిలో దీపం వెనక అగ్గిపెట్టె కోసం పోయినంత తేలిగ్గా పోయింది. కళ్ళు మూసుకున్నారు. నేను నా కొంగు మడతపెట్టి, వేడి తగలకుండా ఆవిడ మోచేతి కింద ఉంచాను.

"ఉంది," అన్నారు. "నా కొమ్ము ఉంది. తీగ కిందికి వేలాడుతోంది."

దారం తెంపెయ్యమన్నారు మా ఆయన. కంకణం తెంపకూడదు, విప్పాలి అన్నారు ఆవిడ. ఆయన నా వైపు చూశారు. నేను కళ్ళతోనే వద్దన్నాను. కంటికి కనబడని ముడిని ఒంటిచేత్తో, గోళ్ళతో ఆవిడ విప్పుతుంటే మేం ముగ్గురం ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాం. టేకు పూలు చిన్నగా రాలి బానెట్ మీద పడుతున్నాయి. గంగక్క ఒకసారి వెనక్కి వెళ్ళి ఆకులెత్తి చూసి వచ్చింది. మళ్ళీ వెళ్ళి చూసింది.

చివరికి చెయ్యి బయటికొచ్చింది, గ్రీజు పూసుకుని నల్లబడిన పసుపు కొమ్ముతో. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని రొంటిన దోపుకున్నారు. మళ్ళీ చెయ్యి లోపలికి. మా ఆయన పక్కనుంచి చెబుతూ ఉంటే ప్లగ్గును తడిమి, తిప్పి, సెన్సర్ మీద కూర్చోబెట్టి నొక్కారు. టక్కుమనాలి. అనలేదు. మళ్ళీ నొక్కారు. పట్టుకునే ప్లాస్టిక్ నాలుక విరిగిపోయినట్టుంది, చెయ్యి తీస్తే జారిపోతోంది అన్నారు. ఆయన తాళం తిప్పబోతే నేను ఆపాను. ఆవిడ చెయ్యి ఇంకా లోపలే ఉంది.

కట్టాలి. దేనితో కట్టాలి? దారం మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం లేదు. గంగక్క అప్పటికే రోడ్డు దిగి పొదల్లోకి పోయింది. అడ్డాకు తీగ ఒకటి తెచ్చి, పళ్ళతో పైతోలు చీల్చి, లోపలి నార తీసి తొడ మీద పేనింది. సన్నగా, పచ్చిగా, లాగితే తెగనంత గట్టిగా ఉంది ఆ తాడు. దాన్ని అత్తయ్యగారి వేళ్ళకు అందించింది.

"గిది ఊగదు," అంది. "ఎండినకొద్దీ బిగుస్తది."

అత్తయ్యగారు ప్లగ్గునూ సెన్సర్‌నూ కలిపి చుట్టి చుట్టి ముడివేశారు. చెయ్యి తీసి, పక్కకు జరిగి, మా ఆయనకు తల ఊపారు. ఆయన తాళం తిప్పారు. ఇంజను తిరిగింది, అందుకుంది, ఒక్క క్షణం తడబడింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఇంకా ఆడుతూనే ఉంది. పసుపు దీపం ఆరిపోయింది. ఆ చప్పుడంత మంచి సంగీతం మా పెళ్ళిలో బ్యాండువాళ్ళు కూడా వాయించలేదు.

సంచులు మళ్ళీ ఎక్కించాం. పైకి తేలుతున్న పిల్లలున్న సంచిని నా ఒళ్ళో పెట్టుకుని, తడి కొంగు చుట్టి, కిటికీ గాలి తగిలేలా పట్టుకున్నాను. గుంట వచ్చినప్పుడల్లా కారులో నలుగురం ఒకేసారి మాట ఆపేస్తున్నాం. దాటగానే నలుగురం ఒకేసారి మొదలుపెడుతున్నాం. అత్తయ్యగారు గంగక్కకు పులిహోర పెట్టారు. గంగక్క తిని, ఉప్పు తక్కువైందని చెప్పింది. మా ఇంట్లో ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. అత్తయ్యగారు ఒక ముద్ద నోట్లో వేసుకుని చూసి, నిజమే అన్నారు.

అడవి పలచబడి, దూరంగా చెరువు గట్టు కనబడేసరికి గంగక్క సీట్లో ముందుకు జరిగి కూర్చుంది. గట్టుకూ మాకూ మధ్య ఒక్క వాగు మిగిలింది. చప్టా మీద నుంచి నీళ్ళు పారుతున్నాయి, మోకాలి లోతు, అడుగున రాళ్ళు కనబడేంత తేటగా. అవతలి ఒడ్డున సంఘం ఆడవాళ్ళు మా కోసం పొద్దుటినుంచీ నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక, కాస్త ఎడంగా, కొందరు మగవాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

కారును నీళ్ళలో దింపనన్నారు మా ఆయన. ఈ బండికి ఇంకా ఎన్ని సెన్సర్లున్నాయో తనకే తెలియదన్నారు. గంగక్క నవ్వి, అవతలికి చెయ్యి ఊపి, వాళ్ళ గూడెం భాషలో ఏదో కేకేసింది. ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని వాగులోకి దిగారు. ఇవతలికొచ్చి ఒక్కొక్కరూ ఒక్కో సంచి నెత్తికెత్తుకున్నారు. ఎండలో ఆ సంచులు దీపాల్లా మెరుస్తూ నీళ్ళ మీదుగా వరసగా పోతుంటే నేను చప్పట్లు కొట్టబోయి, ఒళ్ళో సంచి గుర్తొచ్చి ఆగిపోయాను. నోళ్ళు తెరిచిన పిల్లలు అందులో మళ్ళీ అడుగుకు దిగి ఈదుతున్నాయి.

ఆ సంచి ఇటివ్వమని అత్తయ్యగారు చెయ్యి చాపారు. నేను తీసుకెళతానంటే వినలేదు. మాట నిలబెట్టమన్నావు కదా, చెరువు దాకా నిలబెడతాను అన్నారు. పమిట చుట్టగా చుట్టి తలమీద పెట్టుకుని, దాని మీద సంచి పెట్టుకుని, చెప్పులు నా చేతికిచ్చి నీళ్ళలోకి దిగారు. పొలాల్లో పెరిగిన మనిషి, అడుగులు బాగా వేస్తున్నారు. మా ఆయన డిక్కీలో చివరి సంచుల కోసం వెనక్కి వెళ్ళారు.

నా పక్కన గంగక్క మాట్లాడుతూ మాట్లాడుతూ ఆపేసింది. వాగు పైకి, ఎగువ గుట్టల వైపు చూస్తోంది. నేనూ చూశాను. ఎండ అలాగే కాస్తోంది. ఇక్కడ వాన లేదు, ఎగువ గుట్టల్లో ఎప్పుడు కురిసిందో. కానీ వంపు దగ్గర నీళ్ళ రంగు మారింది. తేట నీళ్ళ వెనక ఎర్రటి నీళ్ళు, ఎండుటాకులనూ పుల్లలనూ ముందుకు తోసుకుంటూ, ఒడ్డునుంచి ఒడ్డుకు నిండుగా వస్తున్నాయి.

అత్తయ్యగారు సరిగ్గా వాగు మధ్యలో ఆగారు. తల మీద సంచి కదలకుండా మెల్లిగా నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు నవ్వారు. ఆవిడ ఇంకా నీళ్ళ వైపు చూడలేదు.